ఆఫీసరు గారు తల దించే వేళ

పొగకొండ మీది ఉపగ్రహ కేంద్రానికి గత ఆషాఢం నుంచి రెండో నంబరు డిష్ అధికారిగా పనిచేస్తోంది. పాత అధికారి రిటైరయ్యాక ఆ కొండ ఎక్కడానికి ఎవరూ ఒప్పుకోలేదు. ఉన్నవాళ్లలో సీనియరెవరని ప్రధాన కార్యాలయం రిజిస్టరు తిరగేసింది. పదకొండు మీటర్ల ఆ డిష్ ముప్ఫై ఒక్క ఏళ్లలో ఒక్కరోజూ సెలవు పెట్టలేదు. ఉత్తర్వు టపాలో వచ్చింది. డిష్ కాళ్ల దగ్గర ఒక బల్ల, దాని మీద ఇత్తడి గంట పెట్టారు.

మిగిలిన రెండు డిష్‌లు మామూలు రోజుల్లో కదలవు. రెండో నంబరు చూసే ఉపగ్రహం ముసలిది. ఇంధనం అయిపోయి రోజూ కాస్త పైకీ కిందికీ ఊగుతుంది. దాని వెంటే చూస్తూ డిష్ పొద్దున తల ఎత్తి, సాయంత్రం నాలుగింటికి దించుతుంది. అందుకని సెలవు చీటీలు నాలుగింటికి బల్ల మీద రాయి బరువు కింద పెట్టేవారు. తల దిగితే మంజూరైనట్టే. ఇంత మంచి అధికారి ఇదివరకు లేరని సిబ్బంది అనుకునేవారు.

డిష్‌లకు గ్రీజు పెట్టి, పక్షిగూళ్లు తీసే టెక్నీషియన్ దాలినాయుడు కార్తీకంలో మూడు రోజుల సెలవు రాశాడు. కింద పట్నంలో అతని భార్య సన్నెమ్మకు గురువారం గుండె ఆపరేషన్.

సోమవారం తుపాను గాలి లేచింది. గాలి మీరితే డిష్‌లన్నీ ముఖం ఆకాశానికి తిప్పి బిగుసుకోవాలి. అధికారి కూడా అలాగే చేసింది. మంగళవారానికి గాలి పడిపోయింది. కానీ హెచ్చరిక ఎత్తేయాలంటే అధికారి తల దించాలి. హెచ్చరిక ఉన్నంతసేపూ తల దించకూడదు.

కరెంటు లేనప్పుడు డిష్‌ను తిప్పడానికి దాని మెడ దగ్గర, తాళం వేసిన పెట్టెలో చేతి పిడి ఒకటుంది. దాని తాళంచెవి దాలినాయుడి మొలతాడుకే ఉంది.

"నాయుడు మావా, నాలుగు సుట్లు తిప్పీసి బస్సెక్కీ. ఎవుడు సూత్తాడు?" అన్నాడు వంటమనిషి అసిరయ్య.

"ఆఫీసరు గారి మెడ నేను వంచితే దొంగసంతకం కాదేటి?"

"అంతోటి గంట కొట్టేవు, ఒక్కపాలైనా పలికేరేటి?"

బుధవారం సన్నెమ్మ ఫోన్ చేసింది.

"ఆఫీసరు గారు తల దించేరా?"

"ఇంకా పైకే సూత్తన్నారు."

"పెద్దోలు కదా, పైన పన్లుంటాయి. తొందరెట్టకు. ఆపరేసన్ కాయితం మీద సంతకం తమ్ముడెడతాడు. నువ్వు సెవులికి గుడ్డ కట్టుకో, సలిగాలి."

గురువారం ఆపరేషన్ గదిలోంచి సన్నెమ్మ తిరిగి రాలేదు. బావమరిది సాయంత్రం ఫోన్ చేసి చెప్పాడు. దాలినాయుడు బల్ల దగ్గరికెళ్లి, చీటీలో 'ఆపరేషన్' కొట్టేసి 'దహనం' అని దిద్ది, మళ్లీ రాయి బరువు పెట్టాడు.

శుక్రవారం మధ్యాహ్నం ప్రధాన కార్యాలయానికి గుర్తొచ్చి, అక్కణ్నుంచి తానే హెచ్చరిక ఎత్తేసింది. నాలుగింటికి అధికారి తల దించింది. సిబ్బందంతా టోపీలు తీసి చుట్టూ నిలబడ్డారు. అసిరయ్య కళ్లు తుడుచుకున్నాడు. ఆ పెద్ద తెల్లటి ముఖం సుమారు నలభై నిమిషాలు వంగే ఉంది. సర్వీసులో ఏ అధికారీ తమ ఇంటి కష్టానికి అంతసేపు తల వంచలేదు.

"సూసేవా, దొడ్డ మనిసి," అన్నాడు దాలినాయుడు.

బస్సుకు ఇంకా పావుగంట ఉంది. వంగేటప్పుడు మెడ దగ్గర కిర్రుమన్నది గుర్తొచ్చి, అతను తాళం తీసి గ్రీజు పెట్టాడు. మోచెయ్యి పిడికి తగిలింది. వేలితో నెడితే చాలు, తిరిగేలా ఉంది.

తాళం వేసి, చేతులు తుడుచుకుని, బస్సెక్కాడు.