మొసలి వీపు మీద న్యాయస్థానం

ఒక పెద్ద అడవిలో ఎన్నికల్లో ఓడిపోయిన సింహం, గద్దె దిగే ముందు చివరి పనిగా తాబేలును న్యాయమూర్తిని చేసింది. పదవి జీవితాంతం.

"దానికి చట్టం రాదు కదా ప్రభూ? ఇన్నాళ్ళూ మొసళ్ళ తరఫున వాదించడమే దాని పని," అంది మంత్రి నక్క.

"చట్టం నేర్చుకుంటుందిలే. ఆయుష్షు నేర్చుకుంటే వచ్చేది కాదు. రేపు గద్దెనెక్కే ఎలుగుబంటి ఎన్ని చట్టాలు చేసినా కొట్టేయడానికి మనవాడొకడు కూర్చుని ఉంటాడు."

ఆ ఏడు ఎండలకు నదికి ఇవతలి ఒడ్డున గడ్డి మాడిపోయింది. రేవు దాటితేనే జింకలకు మేత. ఒంటరిగా దిగితే మొసళ్ళు పట్టేస్తున్నాయని అవి మందగా దిగసాగాయి. రేవులో జింకలను ముట్టరాదని కొత్త రాజు ఎలుగుబంటి చట్టం చేసింది. మొసళ్ళు దావా వేశాయి.

న్యాయమూర్తి తగాదా ఉన్నచోటికే వెళ్ళి విచారించడం ఆ అడవి ఆనవాయితీ. తాబేలు నడకకు ఆలస్యమవుతుందని మొసళ్ళే దాన్ని వీపు మీద మోసుకొచ్చాయి. అది కిందికి దిగకుండానే విచారణ మొదలుపెట్టింది.

"అయ్యా, తమరు కూర్చున్నది మా ఎదుటి పక్షం వీపు మీద," అంది ముసలి జింక.

"కూర్చున్నానమ్మా, ఒరగలేదు," అని తాబేలు తీర్పు చెప్పింది. "నోరు తెరవడం మొసలి స్వేచ్ఛ. అందులోకి నడవడం జింక స్వేచ్ఛ. మధ్యలో ప్రభుత్వం దూరరాదు. చట్టం చెల్లదు. ఇకపై రేవులో ఇద్దరికి మించి ఎవరు గుమిగూడినా కోర్టు ధిక్కారం. శిక్ష మొసళ్ళు అమలు చేస్తాయి."

"ఇద్దరిద్దరుగా దిగితే మాలో ఒక్కరూ మిగలరు బాబూ!"

"అది కోర్టు ముందున్న ప్రశ్న కాదు."

పొదమాటున సింహం పొట్ట పట్టుకుని నవ్వింది. "చూశావా నా ఎంపిక!" అంది పెళ్ళాంతో.

జింకలు అయిపోయాయి. దాంతో సింహానికీ తిండి లేకుండా పోయింది. వేటకు అవతలి ఒడ్డుకు పోదామని పెళ్ళాన్నీ పిల్లనూ వెంటబెట్టుకుని రేవులో దిగింది. మొసళ్ళు చుట్టుముట్టాయి.

"ముగ్గురున్నారు," అంది వీపు మీది నుంచి తాబేలు.

"ఒరేయ్, నిన్నక్కడ కూర్చోబెట్టింది నేనురా!"

"న్యాయానికి మనవాళ్ళు, పరాయివాళ్ళు ఉండరు ప్రభూ."

"మూడోవాడు నా బిడ్డ! ఇంకా పాలు కూడా మానలేదు!"

"ఆదేశంలో వయసు ప్రస్తావన లేదు."

మొసళ్ళు ఆ సంఖ్యను ఇద్దరికి తగ్గించాయి.

సింహం ఏడుస్తూ నక్క దగ్గరికి పరుగెత్తింది. నక్క ఇప్పుడు ఎలుగుబంటికి మంత్రి. "దాన్ని వెంటనే పీకేయించు!"

"జీవితాంతం అన్నది తమరే కదా," అంది నక్క. "దానికింకా నడివయసైనా రాలేదు."

నీతి: నిష్పక్షపాతంగా ఉండే న్యాయమూర్తి కావాలంటే, సొంత మనిషినే నియమించి పదవి పోగొట్టుకోవాలి.