జింకు తులాభారం

"దర్శి గడ్డ మీద ఇకనుంచి జింకు లోపంతో ఒక్క బిడ్డ కూడా నీరసపడదు. పడితే నేను ఊరుకోను!" అని జింకు మిషన్ చైర్మన్ చైతన్యకృష్ణ గారు మైకులో ప్రకటించగానే మేమంతా చప్పట్లు కొట్టాం. ఇంత పెద్ద నాయకుడు ఇంత చిన్న ఖనిజం గురించి ఆలోచించడం మామూలు సంగతి కాదు.

ఆయనకు తెలియని విషయం లేదు. ఆకలి పుట్టాలన్నా, పుండు మానాలన్నా, పిల్లలు ఎదగాలన్నా జింకు కావాలట. అది తగ్గితే నాలుకకు రుచి కూడా సరిగ్గా తెలియదట. "రుచే తెలియకపోతే మన మిర్చి ఎవరి కోసమండీ?" అని ఆయన అడిగేసరికి ముందు వరసలో రైతులు కంగారుపడ్డారు.

స్టేజీ మీదున్న నర్సు నసీమున్నీసా, "రోజుకి కొన్ని మిల్లీగ్రాములు చాలండీ. గుడ్డు, మాంసం, పప్పులు తింటే..." అనబోయింది.

"మిల్లీగ్రాములా? మన నియోజకవర్గం గురించి అంత తక్కువగా మాట్లాడకమ్మా" అని ఆయన మందలించి, తులాభారం తక్కెడలో కూర్చున్నారు.

రెండో పళ్లెంలో జింకు బిళ్లల డబ్బాలు పేర్చారు. పార్టీ కార్యకర్త కోటేష్ మెడికల్ షాపులన్నీ తిరిగి, ఆస్పత్రి మందుల గది కూడా ఊడ్చి తెచ్చిన సరుకది. అయినా సార్ కదల్లేదు. ఆయన బరువైన నాయకుడు.

"ఒరేయ్, ఇంకెక్కడన్నా జింకు ఉందా?" అని కోటేష్ కేకేశాడు. రైతు బుల్లయ్య వరికి చల్లే జింకు సల్ఫేట్ బస్తా ట్రాక్టర్లోంచి దించాడు. "ఇదీ జింకేగా?"

"జింకులో పార్టీలు లేవు, వెయ్యండి" అన్నారు సార్. బస్తా పడగానే ఆయన గాల్లోకి లేచారు. జనం జేజేలు కొట్టారు.

అప్పుడే మిరప కోతలకెళ్లే ప్రేమమ్మ, కూతురు ఆరాధనని భుజానేసుకుని జనాన్ని తోసుకుంటూ వచ్చింది. "నిన్నట్నించీ విరేచనాలయ్యా. డాక్టరు గారు ఓఆర్ఎస్ నీళ్లతోపాటు జింకు బిళ్లలు వాడమన్నాడు. ఆస్పత్రిలో అడిగితే అన్నీ ఇక్కడే ఉన్నాయన్నారు. ఒక్క షీటు ఇప్పించండి."

"ఇప్పుడా? ఒక్క షీటు తీసినా సార్ కిందికి దిగిపోతారమ్మా" అన్నాడు కోటేష్. సైన్సు ప్రకారం అది నిజమే.

"ఆ పిల్ల కళ్లు చూడండి, ఎంత లోపలికి పోయాయో!" అని నర్సు అరిచింది. నాకూ జాలేసింది. కానీ కార్యక్రమం మధ్యలో ఏం చేస్తాం?

సార్ మనసు మాత్రం వెన్న. పై నుంచే ఆ బిడ్డని చూసి, "ముందు ఆ తల్లికే!" అన్నారు. కిందికి దిగి, స్వయంగా ఒక డబ్బా ప్రేమమ్మ చేతిలో పెట్టారు. "బిడ్డ మొహం ఇటు తిప్పమ్మా" అని ఫొటోగ్రాఫర్లు అడిగారు. తిప్పింది. ఏడుస్తూనే దణ్ణం పెట్టింది.

సార్ కారెక్కగానే కోటేష్ ఆ డబ్బాని మెల్లగా ఆమె చేతిలోంచి తీసుకుని, మిగతావాటితో వ్యాన్లో వేశాడు.

"అదేందయ్యా!"

"రేపు ఒంగోల్లో కూడా సార్‌కి తులాభారం ఉందమ్మా. బరువు తగ్గితే బాగుండదు."

ప్రేమమ్మ వ్యాను తలుపు పట్టుకుని వేలాడింది. "మరి నా బిడ్డకి?"

ఫోన్లో ఫొటోలు చూసుకుంటున్న కోటేష్ మొహం వెలిగిపోయింది. "నిన్ను మర్చిపోతామా? అచ్చం పేపర్లో వేసేట్టు పడ్డారు తల్లీబిడ్డలు. రేపు ఒంగోల్లో కూడా మొదటి డబ్బా నీకే. పొద్దున్నే కారు పంపిస్తాం." అని ఆరాధన తల నిమిరి, గొంతు తగ్గించాడు.

"అప్పటిదాకా మాత్రం పాపకి తగ్గనీకమ్మా."