ఉత్తరేణి నిర్మూలన కమిటీ

ఒక పెద్ద అడవిలో జంతువులకు పులికంటే ఉత్తరేణి అంటేనే హడలు. వానకు మొలిచి, చలికాలానికి కంకులు వేసి, ఎండలకు ఎండిపోయే అల్లాటప్పా మొక్క అది. కానీ పక్కనుంచి వెళితే చాలు, గింజలు బొచ్చుకు అంటుకుని ఒక పట్టాన వదలవు.

ఒకనాడు మృగరాజు జూలు గోక్కుని గోక్కుని విసిగిపోయి కొలువులో గర్జించాడు.

"వచ్చే వానాకాలానికి ఇది కనబడకూడదు! జాంబయ్యా, నిర్మూలన కమిటీకి నువ్వే అధ్యక్షుడివి. సాధించావా, ఇప్పతోపు నీదే. లేదంటే నీ గుహ కూడా ఖాళీ చెయ్యి."

ఎలుగుబంటి జాంబయ్యకు నోరూ ఊరింది, గుండే జారింది. ఇప్పపూలంటే ప్రాణం. గుహలోనేమో పెళ్లాం, ఇద్దరు పసివాళ్లు.

"పదండి, పీకేద్దాం" అన్నాడు.

గుమాస్తా నక్క చెవులు మూసుకుంది. "ఎంతమాట! తనిఖీ కాకుండా పీకేస్తారా? పద్ధతి అంటూ ఒకటుంది కదండీ!"

ఆ అడవి పద్ధతి అలాంటిది. ఏ పని చెయ్యాలన్నా ముందు రాజుగారితో సహా అధికారులంతా ఊరేగింపుగా వెళ్లి చూసి రావాలి. చలికాలమంతా అదే సరిపోయింది. పండిన కంకుల్లోంచి నడిచేవారు, పక్క పేటలో విందు ఆరగించేవారు, అక్కడే ఒళ్లు దులుపుకుని ఇంకో పేటకు బయలుదేరేవారు. జాంబయ్య అయితే ఇప్పతోపును రెండుపూటలా తనిఖీ చేసేవాడు. ఆశ అలాంటిది పాపం!

వాగు అవతలి మెట్టకు అధికారి తాబేలు డిప్పయ్య. తనిఖీకి ఎప్పుడు కబురు పెట్టినా "రేపు చూద్దాం లెండి" అనేవాడు. అటు ఎవరూ వెళ్లనేలేదు.

ఎండలు ముదిరాయి. ఉత్తరేణి తనంతట తానే ఎండిపోయింది. కమిటీవారు ఒకరికొకరు దండలు వేసుకున్నారు.

తొలకరి పడింది. ఇదివరకు లేని చోట కూడా ఉత్తరేణి మొలిచింది. సింహం గుహ వాకిట్లో మరీనూ.

"జాంబయ్యా! ఏమిటిది?" మృగరాజు మండిపడ్డాడు.

"డిప్పయ్యగారి మెట్టమీద ఒక్క మొక్కా లేదట ప్రభూ" అంది నక్క.

జాంబయ్యకు ఒక్కసారిగా అంతా అర్థమైపోయింది. గింజలను ఇంటింటికీ మోసుకెళ్లింది తామే! చెబుదామని నోరు తెరిచాడు. ఎదురుగా రాజుగారి జూలు కనబడింది. దాన్నిండా నిరుడు చిక్కుకున్న గింజలే. వెంటనే పసివాళ్లు గుర్తొచ్చారు. తెరిచిన నోరు మూసి, మళ్లీ తెరిచాడు.

"తనిఖీలు చాలలేదు ప్రభూ!"

మృగరాజు ముఖం విప్పారింది. "అదీ మాట! ఈ ఏడు రెట్టింపు చేయండి. ఏమయ్యా డిప్పయ్యా, నీ పరిధిలో ఒక్క తనిఖీ కూడా లేదేం?"

"ఒక్క మొక్క కూడా లేదండీ."

"అది వేరే సంగతి! నక్కా, ఈయనకు మెమో ఇవ్వు. జాంబయ్యకు ఇప్పతోపు రాసివ్వు."

జాంబయ్య పెళ్లాం పిల్లలతో తోపుకు పరుగెత్తాడు. అడుగు పెట్టడానికి సందు లేదు. నడుములోతు ఉత్తరేణి.

"పీకేద్దామా?" అంది పెళ్లాం.

"ముందు తనిఖీ కానీ" అన్నాడు జాంబయ్య, అలవాటుగా పొదలోకి దిగుతూ.

నీతి: మొక్క లేకుండా చేయడం పనికిందకు రాదు, మొక్క కోసం తిరగడమే పని.