బెదరని కుందేళ్ల ఎంపిక

ఒక పెద్ద అడవిలో, ఎర్రమట్టి గుట్టల నడుమ, ఎవరూ ఎంపిక చేయకుండానే కుందేళ్లు చాలాకాలం బతికాయి. అది పరిపాలనా లోపమని ఎవరికీ తోచలేదు.

తోచేలా చేసింది ఒక గోరింక. అది మూడేళ్లు ఊళ్లో హైస్కూలు కిటికీ పైన గూడు కట్టుకుని ఉండి, సున్నాలు వేసేవాళ్లు గూడు పీకేస్తే అడవికి వచ్చింది. వచ్చిన రోజే నలుగురూ చేరిన చోట తాను విన్న పాఠం చెప్పింది.

"ప్రకృతి ఎంపిక చేస్తుందట. తగినవాళ్లు మిగులుతారు, తగనివాళ్లు పోతారు. మిగిలినవాళ్ల పిల్లలు వాళ్లలాగే పుడతారు. అలా తరాలు గడిచేసరికి జాతే మారిపోతుందట."

అడవి సభకు కార్యదర్శి పరాంకుశం అనే నక్క. ఆయన అంతా విని, "ఆ ఎంపిక సంఘంలో ఎవరెవరున్నారు?" అని అడిగాడు.

"సంఘమేమీ లేదండీ. ఎవరూ కూర్చుని ఎంచరు. గద్ద కంటపడ్డవాడు పోతాడు, పడనివాడు ఉంటాడు."

"ఎవరూ చేయని ఎంపిక ఎక్కడైనా ఉంటుందా? నువ్వు సగం పాఠమే విన్నట్టున్నావు. సరే, తగినవాళ్లంటే దేనికి తగినవాళ్లు?"

"ఉన్న చోటికండి. మంచుకొండల్లో తెల్లకుందేలు బతుకుతుంది, మంచులో కనబడదు కాబట్టి. ఇక్కడ మంచెక్కడిది? బూడిదరంగుదే బతుకుతుంది."

"మనమూ ఆ మంచుకొండల స్థాయికి ఎదగాలి," అన్నాడు పరాంకుశం.

వారం తిరక్కుండా ఎంపిక సంఘం ఏర్పడింది. అధ్యక్షత ఏనుగుది. వేలుముద్ర వేయమంటే అది కాలుముద్ర వేసేది, కాబట్టి ఆమోదం ఎప్పుడూ ఘనంగానే కనబడేది. అందం చూడడానికి నెమలి. మిగతా పనంతా పరాంకుశానిది. నక్క కుందేళ్లను తినదా అని ఎవరో గొణిగారు. పదవిలో ఉన్నంతకాలం తినబోనని ఆయన రాసిచ్చాడు.

బొచ్చు తెల్లగా ఉండాలి, చెవులు నిలబెట్టి కూర్చోవాలి, ఎంత చప్పుడైనా బెదరకూడదు. ఇవీ నిబంధనలు. ఎంపికైనవాళ్లకు అడవి నడుమనున్న పచ్చిక మైదానం ఇస్తారు. అక్కడ ముల్లూ పొదా ఉండవు. కానివాళ్లు ఎప్పటిలాగే రేగుపొదల్లో పడి ఉండాలి.

రేగుపొదల్లో పడి ఉన్నవాళ్లలో బూడిదమ్మ ఒకతి. పేరుకు తగ్గ రంగు. ఆ ఏడు ఆమెకు నలుగురు పిల్లలు పుట్టారు. ముగ్గురిది తల్లి రంగే. నాలుగోది తెల్లగా పుట్టింది. దానికి జున్ను అని పేరు పెట్టుకుంది. మిగతా ముగ్గురికీ పేర్లు పెట్టడం మర్చిపోయింది.

ప్రకటన వెలువడిన రోజు నుంచి ఆమెకు వేరే ధ్యాస లేదు. జున్నును కూర్చోబెట్టి చెవి పక్కన ఎండుటాకులు నలిపేది. వెనక నుంచి పుల్లలు విరిచేది. పిల్ల ఉలిక్కిపడితే మూతిమీద ఒక్కటిచ్చేది.

"బెదిరావంటే జన్మంతా ఈ ముళ్లల్లోనే. చెవులు పైకెత్తు. ఊఁ, అలాగే."

ఆకు నలిగిన ప్రతిసారీ మిగతా ముగ్గురూ, ఎవరూ చెప్పకుండానే, పొద లోపలికి దూకేసేవారు. "పిరికిసన్నాసులు, దేనికీ పనికిరారు," అని బూడిదమ్మ వాళ్లను తిట్టేది.

మౌఖిక పరీక్షలో ఏనుగు కాలు నేలకేసి కొట్టినప్పుడు జున్ను కుడిచెవి కాస్త వణికింది. అందుకని పాతికమంది అసలు జాబితాలో కాకుండా వెయిటింగ్ లిస్టులో ఏడో పేరు దక్కింది. పక్కపొద గరికమ్మ కొడుకు మాత్రం ఎంపికయ్యాడు. ఆ రోజు నుంచి గరికమ్మ గెంతడం మానేసి నడవడం మొదలుపెట్టింది.

నాలుగు రోజులకు ఆమె వచ్చి చెప్పింది. "మావాడు అప్పుడే పైకి వెళ్లాడట వదినా. ఆఫీసు నుంచి కబురొచ్చింది."

"పైకంటే?"

"పైకే. ఇంకా పెద్ద చోటికి. నాకొక మాట చెప్పే తీరిక కూడా లేకపోయిందట పాపం."

"నీ అదృష్టం వదినా," అంది బూడిదమ్మ, కడుపు మండుతుండగా.

ఆ వారం మరో ముగ్గురు పైకి వెళ్లారు. పైవారం ఇద్దరు. కార్యాలయం భాషలో వీటిని ఖాళీలంటారు. జున్నుది ఏడో పేరల్లా మూడోదయింది, తర్వాత ఒకటోదయింది. ఖాళీ పడిన ప్రతిసారీ బూడిదమ్మ సంతోషించింది. ఎలా పడిందని అడగలేదు. ఖాళీ ఎలా వచ్చిందని అభ్యర్థులు ఎక్కడా అడగరు.

గోరింక ఒక్కటే వచ్చి చెప్పింది. "మైదానం మీద గద్ద తిరుగుతోందమ్మా. పిల్లను పంపకు."

"నీవాళ్లెవరూ ఎంపిక కాలేదని నీ ఏడుపు."

"నేను పక్షిని. నాకు ఎంపికేమిటమ్మా?"

"అదే మరి. లేనివాళ్లకే నోరెక్కువ."

అయినా మనసులో ఏదో మెదిలి, ఇంకో ఖాళీ పడి జున్ను ఎంపిక ఉత్తర్వు అందుకునేటప్పుడు పరాంకుశాన్ని అడిగింది. "పైకి వెళ్లినవాళ్లు బాగున్నారాండీ?"

"ఇంతవరకు ఒక్కరి నుంచి ఫిర్యాదు రాలేదమ్మా," అన్నాడాయన.

మర్నాడు పొద్దున్నే జున్నును మైదానానికి తీసుకెళ్లింది. పిలవకపోయినా ఆ ముగ్గురూ వెంట వచ్చారు, గట్టున పొద దాటి అడుగు ముందుకు వేయలేదు. జున్ను పచ్చిక మధ్యకు పోయి, నేర్పినట్టే వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది. తెల్లగా అలా కూర్చోవడం చూసి తల్లికి కళ్లు నిండాయి.

అప్పుడు గడ్డి మీద ఒక నీడ జరిగింది.

ముగ్గురూ మాయమయ్యారు. బూడిదమ్మ కూడా, ఆలోచన పుట్టేలోపే, పొదలో ఉంది. తిరిగి చూస్తే జున్ను ఉన్నచోటే ఉంది.

"పరిగెత్తవే," అని అరిచింది. "బెదురే తల్లీ, బెదురు."

జున్నుకు ఆ అరుపు వినబడింది. ఇదీ పరీక్షే అనుకుంది. కుడిచెవి ఈసారి వణక్కుండా బిగబట్టి, ఇంకాస్త నిటారుగా కూర్చుంది.

గద్దకు చదువు రాదు. జాబితా చూడలేదు. తెల్లగా కనబడిందాన్ని పట్టుకుని పైకి వెళ్లింది. అది చుక్కయి కనుమరుగయ్యేదాకా బూడిదమ్మ తలెత్తి చూస్తూనే ఉంది.

మధ్యాహ్నానికి పరాంకుశం పొద దగ్గరికి వచ్చాడు. "నీ పిల్ల పైకి వెళ్లిందమ్మా. సంఘం తరఫున అభినందనలు."

"చూశానండి."

"తెల్లవాళ్లు జాబితాలో అయిపోయారు. అందుకని రంగు నిబంధన సడలించాం. నీ బూడిదపిల్లలకూ అవకాశం వచ్చింది. పేర్లు చెప్పు, రాసుకుంటాను."

ఆయన అడుగు సడికే పిల్లలు అక్కడ లేరు.

"పేర్లు లేవండి. పిరికిసన్నాసులు. ఆకు రాలితే పారిపోతారు. మీకు పనికిరారు."

ఎన్నోసార్లు అన్న మాటే. తిట్టుగా కాకుండా అనడం అదే మొదటిసారి.

"అర్హులు లేరు," అని పైకే అనుకుంటూ రాసుకుని ఆయన వెళ్లిపోయాడు. మర్నాడు పక్కపొదల్లో అడిగితే కొందరు పేర్లిచ్చారు. వాళ్లలో బెదరనివాళ్లు మైదానానికి వెళ్లారు, అక్కడి నుంచి మామూలు దారినే వెళ్లారు.

బూడిదమ్మ పిల్లలు ముగ్గురూ పెరిగారు, పిల్లల్ని కన్నారు. ఆ పిల్లలూ మట్టిలో కలిసిపోయే రంగే, గాలి కదిలితే గెంతే రకమే. వాళ్లకెవరూ ఏమీ నేర్పలేదు. ఎప్పుడైనా ఒక తెల్లపిల్ల పుట్టినా ఎక్కువకాలం ఉండేది కాదు. నాలుగేళ్లు గడిచాయి. ఏ ఒక్క కుందేలూ మారలేదు. కుందేళ్లు మారాయి.

ఆ ఏటి వార్షిక నివేదికలో పరాంకుశం ఇలా రాశాడు: "నేడు మన అడవి కుందేళ్లు మునుపెన్నడూ లేనంత చురుగ్గా, నేలలో నేలగా కలిసిపోతూ ఉన్నాయి. ఇది సంఘం నాలుగేళ్ల నిర్విరామ కృషి ఫలితం." ఏనుగు కాలుముద్ర వేసింది. నెమలి పురి విప్పింది.

మైదానంలో సంఘానికి సన్మానం పెట్టుకున్నారు. కుందేళ్లన్నీ వచ్చి దండలు వేయాలని కబురు పంపి, డప్పులు కొట్టించారు. మొదటి దెబ్బకే చుట్టుపక్కల పొదలు ఒక్కసారి కదిలాయి, ఆ తర్వాత ఏమీ కదల్లేదు. ఒక్కటీ రాలేదు. దండలు సభ్యులే ఒకరికొకరు వేసుకున్నారు.

ఇందులోని నీతి: తగినవాళ్లెవరో ప్రకృతికి కూడా ముందుగా తెలియదు, అది తెలిసేది సంఘాలకే.