ఇళ్ల కొరత తీరిన విధానం

నగరంలో ఒంటరి ఆడవాళ్లకు అద్దె ఇళ్ల కొరత పూర్తిగా తీరిపోయిందని తెలియజేయడానికి ఇళ్ల వెబ్‌సైటు కంపెనీవారు సంతోషిస్తున్నారు. తీరిన విధం ఇది.

ఆ కంపెనీలో ఫిల్టర్లు తయారుచేసే డిజైనరు ఒకడున్నాడు. వేల ఇళ్లలో వెతుక్కునేవారి శ్రమ తగ్గించడానికి తెర మీద ఓ పక్కగా గడులు పెడతాడు. ఏ గడిలో టిక్కు పెడితే అలాంటి ఇళ్లే మిగులుతాయి. అవి ఎన్నో ఆ గడి పక్కనే కనిపిస్తుంది. ‘కుటుంబాలకు’ నాలుగు వేల పైచిలుకు. ‘కుక్కను పెంచుకునేవారికి’ నూట పదకొండు. ‘ఒంటరి మహిళలకు’ సున్నా.

సున్నా చూసి మేనేజరుగారు చలించిపోయారు. సమావేశం పెట్టారు.

“సున్నా చూస్తే జనం మనసు నొచ్చుకుంటుంది. మనది మనసున్న సంస్థ,” అన్నారు.

ఇళ్ల యజమానులతో మాట్లాడి చూద్దామా అని డిజైనరు నసిగాడు. అది మన శాఖ కాదన్నారు. గడి తీసేశారు. నెల తిరిగేసరికి అలాంటి ఇంటి కోసం ఒక్కరూ వెతకలేదని తేలింది. అవసరమే లేదని రుజువైంది. డిజైనరుకు ప్రశంసాపత్రం ఇచ్చారు.

ఆ రోజే డిజైనరుకు వాళ్లక్క ఫోన్ చేసింది. బావ పోయి నాలుగు నెలలు. మగదిక్కు లేని మనిషి ఉంటే మిగతా వాటాలవాళ్లు ఏమంటారోనని, ఇంటివాళ్లు నెలాఖరుకల్లా ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు.

“ఒరే, మీ దాంట్లో నాలాంటివాళ్లకి ఏ గడిరా?”

“లేదక్కా. అడిగేవాళ్లు లేరు.”

“నేను అడుగుతున్నాగా?”

“ఒక్కరైతే లెక్కలోకి రారక్కా.”

అక్క ‘కుటుంబాలకు’ అన్నచోట టిక్కు పెట్టి, ఒక్కో ఇల్లే చూసుకుంటూ పోయింది. మూడో పేజీలో ఓ ఫోటో దగ్గర ఆగి మళ్లీ ఫోన్ చేసింది.

“ఈ మెట్ల కమ్మీలకి ఆకుపచ్చ రంగేసింది మీ బావ కదూ? మీ పై వాటా ఖాళీ అయిందా?”

డిజైనరు గొంతు సవరించుకున్నాడు. “నీ మరదలు అద్దెకు పెట్టిందక్కా. నువ్వొచ్చి ఉంటే నీకే ఇబ్బంది. నలుగురూ నాలుగు రకాలుగా...”

“సర్లేరా. నువ్వు ఇబ్బంది పడకు,” అంది అక్క. ఆడవాళ్ల హాస్టల్లో ఓ మంచం చూసుకుంది.

ఇలాంటి ఇబ్బంది ఇంకే తమ్ముడికీ రాకూడదని, డిజైనరు ఆ వారమే యజమానుల కోసం కొత్త గడి తయారుచేశాడు: ‘ఈ ఇల్లు నా బంధువులకు చూపవద్దు.’

కంపెనీ చరిత్రలో ఏ గడికీ అంత ఆదరణ లేదు. వచ్చిన ఫిర్యాదు ఒక్కటే, అదీ మీలాంటి పెద్దమనుషుల నుంచే: ఆ టిక్కు మాచేత పెట్టించడం ఎందుకు, ముందే పెట్టి ఉంచవచ్చు కదా అని.

ఇప్పుడు ముందే పెట్టి ఉంచుతున్నారు.