మేస్త్రిగారి బొటనవేలు

ఆ రోజు పొద్దున మేస్త్రిగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి కాలు నానబెట్టాలి, తొమ్మిదిన్నరకు గోరు కోయాలి, పదకొండింటికి కూతురు వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు పేపరు చదువుతూ కూర్చోవాలి. గోటితో పోయేదానికి గొడ్డలెందుకని పెద్దలంటారు. ఆ పెద్దలెవరూ మేస్త్రిగారి కుడికాలి బొటనవేలి గోరు చూసి ఉండరు.

డెబ్బై రెండేళ్లు వచ్చేసరికి ఆ గోరు పసుపురంగుకు తిరిగి, మందమెక్కి, పక్కకు వంకరపోయింది. మామూలు నెయిల్ కట్టర్ దాని అంచు పట్టలేక జారిపోయేది. మేజోళ్లు చిరిగాయి, దుప్పట్లు చిరిగాయి, బూటు వేసుకుంటే ప్రాణం పోయేది. "రేపు పదకొండింటికి కాళ్ల పని తెలిసిన నర్సమ్మను తీసుకొస్తాను నాన్నా" అంది కూతురు ముందురోజు. నలభై అయిదేళ్లు ఎంతటి మొండి చెక్కనైనా లొంగదీసిన వడ్రంగికి, తన గోరు కోయడానికి పరాయి మనిషి రావడమంటే తల కొట్టేసినట్టయింది.

పైగా పోయిన నెల ఆయన స్టూలు మీద స్టూలు వేసి బల్బు మారుస్తూ కింద పడ్డారు. "ఇంకొక్క పిచ్చిపని చేశావంటే ఆ పనిగదికి తాళం వేసి చెవి నా దగ్గర పెట్టుకుంటాను" అని కూతురు అప్పుడే తేల్చేసింది. రైళ్ల వేళలు చూసే ఉద్యోగం ఆమెది. అన్న మాట అన్న నిమిషానికి జరిపిస్తుంది. ఇంటి వెనకున్న ఆ పనిగదే లేకపోతే, పొద్దున్నే లేవడానికి మేస్త్రిగారికి ఇంకో కారణం లేదు. అందుకే లోపలినుంచి గడియ పెట్టుకుని మరీ పనికి దిగారు.

సగం పని పద్ధతిగానే జరిగింది. ఎండిన చెక్కను కోస్తే పగులుతుందని తెలిసిన మనిషి కనక, గోరువెచ్చని నీళ్లలో ఇరవై నిమిషాలు కాలు నానబెట్టారు. శుభ్రంగా తుడిచి, గోరు మీద పెన్సిలుతో అడ్డంగా గీత గీసి, మూలమట్టంతో సరిచూసుకున్నారు. చిక్కంతా నడుముతో వచ్చింది. వంగితే చెయ్యి మోకాలి దాకా పోయి అక్కడే ఆగిపోతోంది.

"మనం పని దగ్గరికి పోలేకపోతే పనినే మన దగ్గరికి తెచ్చుకోవాలి" అని గొణుక్కుని, ఎత్తు స్టూలెక్కి కూర్చున్నారు. కాలెత్తి, చెక్కలు బిగించడానికి బల్ల అంచుకున్న వైసులో పెట్టారు. అటూ ఇటూ పాత గుడ్డ వేసి, కదలకుండా బిగించారు. తీరా చూస్తే చెయ్యి ఇప్పుడూ మోకాలి దగ్గరే ఆగింది.

వైసు పిడి వదులైందని ఆయనకు రెండేళ్లుగా తెలుసు. తీరిగ్గా చూద్దాంలే అనుకుంటూ వచ్చారు. ఆ ఇనపకడ్డీ ఇప్పుడే ఊడి, ఠంగున నేల మీద పడి, దొర్లుకుంటూ చెక్కల గుట్ట కిందికి పోయింది. పిడి లేనిదే వైసు తిరగదు. కాలు వెనక్కి లాగితే వేళ్లు అడ్డం, ముందుకు తోస్తే మడమ అడ్డం. నొప్పి మాత్రం లేదు. గడియ ఆరడుగుల దూరంలో ఉంది.

అప్పుడే తలుపు చప్పుడైంది.

"ఏమండీ, టీ తెచ్చాను. తలుపు తీయండి" అంది భార్య.

"అక్కడ పెట్టు. పనిలో ఉన్నాను."

"గడియ పెట్టుకుని చేసే పనేంటండీ?"

"అదీ... నీకోసమే. ఇప్పుడు చూడకూడదు."

"నాకోసమా? ఏంటది?"

"బీరువా" అనేశారు, నోటికి ఏదొస్తే అది.

ఊరందరికీ బీరువాలు చేసిపెట్టిన మనిషి ఇంట్లో, ఒక తలుపు ఊడిపోయిన బీరువాతో ఆవిడ ముప్పై ఏళ్లుగా నెట్టుకొస్తోంది. అడిగి అడిగి, అడగడం కూడా మానేసింది. "నిజంగానా అండీ?" అన్న గొంతు విని మేస్త్రిగారికి సిగ్గేసింది. కానీ కాలు వైసులో ఉన్నవాడికి నిజం చెప్పే ధైర్యం ఎక్కడినుంచి వస్తుంది?

ఆవిడ పరుగున పోయి పక్కింట్లో ఉండే తమ్ముణ్ణి పిలుచుకొచ్చింది. ఆ బావమరిది కళ్లతో చూస్తే గానీ ఏదీ నమ్మని రకం.

"బావగారూ, బీరువా అంటున్నారు, చప్పుడు లేదేంటి?"

"ఇప్పుడే మొదలెడుతున్నా" అని మేస్త్రిగారు చేతికందిన సుత్తి తీసుకుని బల్ల మీద దబదబా బాదారు. మూడో దెబ్బకు పై అరలోని నీలం పెయింటు డబ్బా బోర్లపడి, సరిగ్గా ఆయన పాదాన్ని అభిషేకించింది. మిగిలింది ధారకట్టి తలుపు కిందినుంచి బయటికి పోయింది.

"అప్పుడే రంగు కూడానా! నీలం!" అంది భార్య. "నాకు నీలం ఇష్టమని ఇన్నేళ్లూ గుర్తుపెట్టుకున్నారా?"

మేస్త్రిగారికి ఆ సంగతి ఇప్పుడే తెలిసింది. ఆవిడ ఇంక ఆగలేదు. పాత బీరువాలోని బట్టలన్నీ మంచం మీద కుప్పపోసి, ఖాళీ బీరువాను తమ్ముడి చేత మోయించి ఎదురింటి టీచరమ్మకు ఇచ్చేసి వచ్చింది.

పదకొండింటికి, ఒక నిమిషం అటూ ఇటూ కాకుండా, కూతురు నర్సమ్మతో సహా దిగింది. కూతురి చేతిసంచిలో, ముందుజాగ్రత్తగా కొన్న కొత్త తాళం కూడా ఉంది.

"నాన్నా, తలుపు తియ్యి."

"ఇంకా ఆరలేదమ్మా!"

"ఆరకపోతే తలుపు తీయడానికేం?"

బావమరిది గోడపక్కనున్న డ్రమ్మెక్కి కిటికీలోంచి తొంగిచూశాడు. "అక్కా! బావగారి కాలు నీలం తిరిగిపోయింది! కదలట్లేదు!" అని కేక పెట్టి డ్రమ్ముతో సహా కింద పడ్డాడు.

ఆ తరవాత ఎవరూ ఎవరి మాటా వినలేదు. భార్య ఏడుపు, కూతురు కేకలు, బావమరిది గడ్డపార. ఆ తలుపు మేస్త్రిగారు స్వహస్తాలతో చేసింది. ఆరు పోట్లకూ చలించలేదు. అంత అవస్థలోనూ ఆయనకు గర్వం ఆగలేదు. "మధ్యలో పొడిస్తే రాదయ్యా, మడతబందుల దగ్గర పట్టించు!" అని లోపలినుంచి సలహా ఇచ్చారు. ఏడో పోటుకు తలుపు రెండు ముక్కలై పడింది.

నర్సమ్మ ముందుగా వచ్చి పాదం ముట్టుకుని, తన వేలికంటిన నీలం చూసుకుంది. "కంగారుపడకండి. ఇది పెయింటు."

కూతురు ఊపిరి పీల్చుకుంది. పీల్చుకున్న వెంటనే సంచిలోంచి తాళం తీసింది. మేస్త్రిగారు తల దించుకున్నారు. నర్సమ్మ ఆయన చూపించిన చెక్కల కిందినుంచి కడ్డీ తీసి, వైసు దగ్గరకు వచ్చి ఆగిపోయింది.

"బాబాయిగారూ, కొంచెంసేపు ఇలాగే ఉండండి. పన్నెండేళ్లనుంచి నేల మీద కూర్చుని గోళ్లు తీసి తీసి నా నడుం పడిపోయింది. ఇంత చక్కటి ఎత్తులో నాకెవరూ కాలు పెట్టలేదు."

ముందు పాదానికంటిన రంగంతా తుడిచేసి, పెద్ద కట్టరుతో, పెన్సిలు గీత వెంబడి, కొంచెం కొంచెంగా అడ్డంగా కోసింది. మూలలు లోపలికి తవ్వలేదు. మందాన్ని ఆకురాయితో అరగదీసింది. "ఒకే వైపుకి గీయాలమ్మా" అన్నారు మేస్త్రిగారు. "అవునండీ, అటూ ఇటూ గీస్తే పొర లేస్తుంది" అంది నర్సమ్మ. ఇద్దరు పనివాళ్లకు మాట కలవడానికి ఎంతసేపు? కాలు నానబెట్టినందుకు మెచ్చుకుని, రోజూ క్రీము రాయమనీ, ముందువైపు వెడల్పున్న బూట్లు కొనుక్కోమనీ చెప్పి, వైసు విప్పింది.

"ఈ ఎత్తులో నాకొక కాళ్ల బల్ల చేసిపెడతారా? గుడ్డతో, బిగింపు లేకుండా."

అంతలో భార్య గదంతా కలయజూసి అడిగింది. "బీరువా ఏదండీ?"

వైసు పెట్టని బాధ ఆ ప్రశ్న పెట్టింది. "అబద్ధం చెప్పాను" అన్నారు మేస్త్రిగారు. "కానీ ఇవాళే మొదలెడతాను. నీలం రంగే వేస్తాను. ఒట్టు."

ఆవిడ కళ్లు తుడుచుకుని, "నాలుగు అరలు పెట్టండి" అంది.

కూతురు తాళం చేత్తో పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది. గుమ్మం ఉంది గానీ, తాళం వేయడానికి తలుపు లేదు. "కొత్త తలుపు ఎప్పుడు చేస్తావు నాన్నా?"

"ముందు మీ అమ్మ బీరువా. తరవాత నర్సమ్మ బల్ల. ఆ తరవాత తలుపే."

ఇది జరిగి రెండేళ్లయింది. తలుపు వంతు ఇంకా రాలేదు.