కోటేశ్వరరావు కార్జం వేట

ఆదివారం తెల్లవారగానే కోటేశ్వరరావు స్టీలు గిన్నె పట్టుకొని గంగరాజు దొడ్డికి బయలుదేరాడు. ఘంటసాల శివారులో ప్రతి ఆదివారం గంగరాజు ఒక మేకపోతును కోసి, అరిటాకుల మీద పది ఇళ్ళకు పది పోగులు పెడతాడు. ఏ పోగు చూసినా అందులో కాస్త తొడ, నాలుగు పక్కటెముకలు, మెడ ముక్కలు, రెండంటే రెండు కార్జం ముక్కలు. ఇది కావాలి, అది వద్దు అనే మాట అక్కడ చెల్లదు. ముప్ఫై ఏళ్ళుగా నోరెత్తకుండా తన పోగు తాను తెచ్చుకున్న మనిషి, ఈసారి మాత్రం గట్టిగా ఒకటి అనుకొని వచ్చాడు.

దానికి కారణం బందరులో ఉంటున్న కూతురు హారిక. ముందురోజు ఫోనులో మాటల మధ్య అడిగింది, "నాన్నా, అమ్మ ఒక్క మంచి ముక్క తినడం ఎప్పుడైనా చూశావా? కార్జం నీకు, తొడ మాకు. అమ్మకి ఎప్పుడూ ఆ మెడ ఎముకలేగా." ఆయన ఎంత గుర్తుచేసుకున్నా ఒక్కసారి కూడా చూసినట్టు లేదు. సిగ్గుతో మధ్యాహ్నం అన్నం సహించలేదు. ఈ ఆదివారం భార్య వెంకటరత్నమ్మ కంచంలో కార్జం తప్ప ఇంకోటి పడకూడదని తీర్మానించుకున్నాడు.

"గంగరాజూ, నా పోగంతా కార్జమే వెయ్యి."

"అదెలా కుదురుద్దండీ? పోతుకి ఉండేది ఒకటే కార్జం. ఇళ్ళు చూస్తే పది."

"నా తొడ, మెడ, పక్కలు అన్నీ నువ్వే తీసుకో."

"తీసుకుని ఏం చేసుకోనండీ? మెడ ఉడికేలోపు గ్యాసు బండ అయిపోద్దని కుర్రకోడళ్ళు ఇప్పటికే నన్ను తిడతన్నారు. అంత కావాలంటే ఇళ్ళకెళ్ళి మార్చుకోండి."

గంగరాజు వేళాకోళానికి అన్నాడు. కోటేశ్వరరావుకు అది దివ్యమైన సలహాలా వినిపించింది.

మొదటి ఇల్లు రిటైరైన నర్సు జ్ఞానమ్మది. ఆయన తన మెడ ముక్కలిచ్చి ఆమె కార్జం అడిగాడు. "ఎవరికి అన్నయ్యగారూ?" అందామె. "మా ఆవిడకి" అన్నాడు. పెళ్ళానికి మంచి ముక్క పెట్టుకోవడానికి ఇల్లిల్లూ తిరుగుతున్నానని చెప్పాలంటే అరవై మూడేళ్ళ వయసులో ఆయనకు నోరు పెగల్లేదు.

"రక్తం తక్కువగా ఉందా?"

"ఆ, అదే" అనేసి బయటపడ్డాడు.

రెండో ఇల్లు దైవాధీనానిది. ఆయన గుమ్మంలోనే కార్జం పట్టుకొని నిలబడి ఉన్నాడు. "ఏం బావా, అక్కయ్యకి రక్తం ఏడుకి పడిపోతే మాకు చెప్పొద్దా? జ్ఞానమ్మగారు ఫోన్ చేస్తే తెలిసింది." కోటేశ్వరరావు కాదందామనుకున్నాడు. కానీ అప్పటికే కార్జం గిన్నెలో పడింది. కాదంటే తిరిగి ఇవ్వాలి. తొడ ముక్కలు ఆయన చేతిలో పెట్టి ముందుకు నడిచాడు.

అయిదో ఇంటికి ఆ రక్తం ఆరయింది. తొమ్మిదో ఇంటికి వచ్చేసరికి నాలుగున్నర. ఆ ఇంటి ఇల్లాలు కళ్ళు తుడుచుకుంటూ, మార్పిడి ఏమీ అక్కర్లేదని తన కార్జం మొత్తం గిన్నెలో వేసింది. పదకొండు గంటలకు కోటేశ్వరరావు గిన్నెలో ఒక పోతు కార్జం పూర్తిగా ఉంది. ఇంకే ముక్కా లేదు. యుద్ధం గెలిచినంత ఆనందంగా ఇంటికి వచ్చాడు.

వచ్చేసరికి వెంకటరత్నమ్మ మంచం మీద ఉంది. అల్లం నూరుతున్న మనిషిని లేపి జ్ఞానమ్మ బలవంతంగా పడుకోబెట్టి బీపీ చూస్తోంది. దైవాధీనం దానిమ్మకాయలు ఒలుస్తున్నాడు. "నాకేమైందండీ?" అని వెంకటరత్నమ్మ అడిగితే, "అక్కయ్యకి తెలియనివ్వలేదు, పాపం" అని ఆయన జ్ఞానమ్మ చెవిలో అన్నాడు. ఇంతలో వాకిట్లో కారు ఆగింది. దైవాధీనం ఫోన్ చేస్తే బందరు నుంచి హారిక, అల్లుడు శశిధర్ పరుగున వచ్చారు. హారిక తల్లిని పట్టుకొని ఏడ్చింది. "నాన్నా, ఇప్పుడే విజయవాడ తీసుకెళ్దాం."

ఇక దాచడానికి లేదు. కోటేశ్వరరావు గిన్నె మంచం పక్కన పెట్టి, జరిగిందంతా చెప్పేశాడు. "ముప్ఫై ఏళ్ళు మంచి ముక్కలన్నీ మేం తిన్నాం, నీకు ఎముకలు మిగిల్చాం. ఈ కార్జమంతా ఇవాళ నీదే రత్నం" అన్నాడు. కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. దైవాధీనం చేతిలో దానిమ్మకాయ అలాగే ఉండిపోయింది.

వెంకటరత్నమ్మ గిన్నెలోకి తొంగిచూసింది. మొగుడి మొహం చూసింది. ఆమె కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి.

"మెడ ఏదండీ?" అంది.

"మార్చేశాను."

"అయ్యో. కార్జం వాసనే నాకు పడదండీ. అందుకే ఎప్పుడూ మీ కంచంలో వేసేదాన్ని. మెడ ముక్కకున్న రుచి ఇంకే ముక్కకుంది? సన్న సెగన ఉడికి, గుజ్జంతా ఎముక సందుల్లో ఉంటుంది."

"మరి ఇన్నేళ్ళు చెప్పలేదేమ్మా?" అంది హారిక.

"మీరంతా త్యాగం అనుకున్నారు. అనుకోనిచ్చాను. చెబితే వాటాకొస్తారుగా."

కోటేశ్వరరావు మంచం పట్టె మీద కూలబడ్డాడు. ఇన్ని గడపలు ఎక్కి, ఆమెకు ఇష్టమైన ఒక్క ముక్కనూ మొట్టమొదటి గడపలోనే ఇచ్చేసి వచ్చాడు.

అప్పుడు వాకిలి తలుపు చప్పుడైంది. తొమ్మిదో ఇంటి ఇల్లాలు క్యారేజీతో నిలబడి ఉంది. రక్తం పట్టాలంటే ఎముకల రసం తాగించాలని పొద్దున్నే జ్ఞానమ్మ అన్ని ఇళ్ళకూ ఫోన్‌లో చెప్పిందట. ఆమె వెనక ఇంకో క్యారేజీ, దాని వెనక మరొకటి. మూత తీస్తే అన్నింట్లోనూ మెడ ముక్కలే, మిరియాల ఘాటుతో, మెత్తగా ఉడికి.

అసలు సంగతి చెప్పడానికి కోటేశ్వరరావు నోరు తెరిచాడు. వెంకటరత్నమ్మ ఆయన చెయ్యి గట్టిగా నొక్కి, దుప్పటి గుండెల దాకా లాక్కుంది. "కూర్చో వదినా, కాస్త నీరసంగానే ఉంది" అంది. ఒట్టేసుకున్నట్టు జ్ఞానమ్మ, దైవాధీనం కూడా నోరు మెదపలేదు. వాళ్ళ చేతుల్లోకీ చెరో రసం గ్లాసు వచ్చింది మరి.

ఆ తరవాత మూడు ఆదివారాలు గడిచినా, వెంకటరత్నమ్మకు ఇంకా రక్తం పట్టలేదు.